ఒకటో నంబరు

పళ్ళెం తలుపు ముందున్న స్టూలు మీద పెట్టి, మూడుసార్లు తలుపు కొట్టి, ఆరడుగులు వెనక్కి జరగాలి. మా అత్తయ్య పెట్టిన నియమం ఇది. తొమ్మిది రోజులుగా రోజుకు నాలుగుసార్లు జరుగుతున్నాను. తలుపు జానెడు తెరుచుకుంటుంది, మా ఆయన చెయ్యి బయటికొస్తుంది, పళ్ళెం లోపలికి పోతుంది, గడియ పడుతుంది. ఆ గడియ చప్పుడు వింటే చాలు, నాకు కడుపులో మంట. మొగుడికి మహమ్మారి సోకితే ఏడవాల్సిన దాన్ని, కుళ్ళుకుంటున్నాను. సిగ్గుపడాలేమో. పడను.

జనం పిట్టల్లా రాలిపోతున్నారని టీవీ పొద్దస్తమానం అరుస్తోంది. అబద్ధం కాదు, మా వీధి చివరింటి ముసలాయన్ని మోయడానికి నలుగురు కూడా దొరకలేదు. అయినా నా కళ్ళకు ఆనుతున్నది మాత్రం ఆ గడియే. పెళ్ళయిన పదహారేళ్ళలో నేను గడియ వేసుకుని ఒక్క కునుకు తీయలేదు. స్నానానికి వెళ్ళినా "ఇంకెంతసేపే?" అని తలుపు బాదేవాళ్ళే. పైగా అది నా గది, నా కుట్టుమిషను ఉండే గది. మిషన్ని పొయ్యి పక్కకు ఈడ్చిందీ నేనే, ఆయన మంచాన్ని లోపలికి నెట్టిందీ నేనే. నేను పనిచేసే బట్టల ఫ్యాక్టరీ మూతపడి, కత్తిరించిన గుడ్డ ఇళ్ళకు పంపుతోంది. ఒక చేత్తో కూర కలుపుతూ ఇంకో చేత్తో ఊరందరి ముక్కులకూ మాస్కులు కుడుతున్నాను.

అసలు పరీక్షకు వెళ్ళిందే నా వల్ల. ఫ్యాక్టరీలో నా పక్క మిషనామె దగ్గి దగ్గి కుప్పకూలింది. ఎందుకైనా మంచిదని నేనూ ఆయనా వెళ్ళి వరసలో నిలబడ్డాం. ముక్కులో దూర్చే ఆ పొడుగాటి పుల్లను చూడగానే ఆయన మొహం పాలిపోయింది. "నువ్వు ముందు కానియ్యవే. ఎట్లా ఉంటుందో చూసి నేనిస్తా" అన్నాడు. మర్నాడు ఆయన ఫోనుకు మెసేజీ వచ్చింది: ఒకటో నమూనా పాజిటివ్, రెండో నమూనా నెగెటివ్.

అత్తయ్య గుండెలు బాదుకుంది. "ఒకటో నంబరంటే వాడే! ఈ ఇంటికి ఒకటో నంబరు వాడు కాక ఇంకెవరు?"

ఒకటి అనగానే నేనూ ఆయన వైపే చూశాను. ఆయన ఒక్క తుమ్ము తుమ్మి మంచమెక్కాడు.

డాక్టరు ఫోన్లో పూర్తి విశ్రాంతి అన్నాడట. పూర్తిది ఎలా ఉంటుందో నాకు తెలియదు, సగందీ తెలియదు. అత్తయ్య హాల్లోంచి "నాయనా, నిద్ర పట్టిందా? గుడ్డు తిన్నావా?" అంటుంది. "నీరసంగా ఉందమ్మా" అని లోపలినుంచి జవాబు, వెనకాల ఫోన్లో ఏదో హాస్య సినిమా నవ్వులు. నాకూ ఒళ్ళంతా ఎవరో బండకేసి బాదినట్టే ఉంది. మూడో రోజు సాయంత్రం స్టవ్ మీద పాలు మాడి గిన్నె బొగ్గయినా నాకు వాసనే తెలియలేదు. ఉబ్బసంతో మూలుగుతూ హాల్లో కూర్చున్న అత్తయ్య పసిగట్టింది. "నీ ముక్కెక్కడ తాకట్టు పెట్టావే? మొగుడు అక్కడ ప్రాణాలతో కొట్లాడుతుంటే నీకీ పరధ్యానం!"

వెళ్ళి తలుపు దగ్గర నిలబడి, "ఏమండీ, నాకూ బాలేదు, వాసన కూడా తెలియట్లేదు" అన్నాను.

లోపల సినిమా నవ్వులు ఆగాయి. తర్వాత, "నీకు నెగెటివ్ కదే. భయం వల్ల అట్లా ఉంటుంది. పనిలో పడితే అదే పోతుంది" అన్నాడు. మళ్ళీ, "టీ కొంచెం వేడిగా పంపు."

ఆ రోజు గిన్నె తోముతూ ఏడ్చాను. ఈ ఇంట్లో మంచి ముక్కా ఆయనకే, ఫ్యాను కింద చోటూ ఆయనకే, చివరికి రోగం కూడా ఆయనకేనా అని. నాకూ రానియ్యి దేవుడా, రెండు రోజులు చాలు అని మొక్కుకున్నాను. నిజంగా మొక్కుకున్నాను.

ఇవాళ పొద్దున గేటు దగ్గర ఆరోగ్య కార్యకర్త నిలబడింది. ప్లాస్టిక్ కోటులోంచి కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. "పేషెంటు ఎలా ఉంది?" అంది.

"ఉంది కాదమ్మా, ఉన్నాడు. లోపల పడుకున్నాడు."

ఆవిడ కాగితం తిప్పి చూసింది. "ఒకటో నమూనా ఆడమనిషిది. ముప్పై ఎనిమిదేళ్ళు. మీరు కాదూ? మూడో రోజు పొద్దున నేనే మీ ఆయనకు ఫోన్ చేసి చెప్పానుగా! 'గదిలోనే ఉందండీ, తలుపు కూడా తియ్యట్లేదు, అన్నీ నేనే అందిస్తున్నా' అన్నాడు. ఎంత మంచి మొగుడో అని మా ఆఫీసులో చెప్పుకున్నాం కూడా."

పాలు మాడిన రోజు. పొద్దున తెలుసుకుని, సాయంత్రం నాకు నెగెటివ్ అని చెప్పాడు.

వెనక్కి తిరిగాను. అత్తయ్య అంతా విన్నది. ఆమె నోట్లో మూడు పూటలా మాత్ర వేసింది ఈ చేతులే. ఆమె నా చేతుల వైపు చూసింది, తర్వాత గది తలుపు వైపు చూసింది. నాయనా అనలేదు.

"పెద్దామెకు రేపే పరీక్ష చేయిస్తా. మీరింకో ఐదు రోజులు గదిలో ఉండాలి" అని కార్యకర్త వెళ్ళిపోయింది.

మాస్కు బిగించుకుని మూడుసార్లు తలుపు కొట్టాను. వెనక్కి జరగలేదు. చెయ్యి బయటికొచ్చి గాల్లో తడుముకుంది. "పళ్ళెమేదే?"

"పేషెంటుని నేను. బయటికి రండి."

ఆయన నా వెనకున్న అత్తయ్యను చూశాడు, తల దించుకున్నాడు. "బయట తిరిగితే నాకూ అంటుకుంటుందని... భయమేసిందే."

"మరి మీ అమ్మకు అంటుకోదా?"

దిండు చంకలో పెట్టుకుని, దొరికిపోయిన బడిపిల్లాడిలా బయటికొచ్చాడు. నేను మిషన్ని మళ్ళీ లోపలికి ఈడ్చుకున్నాను, ఉతికిన దుప్పటి పరుచుకున్నాను. "ఐదు రోజులేగా?" అన్నాడు గుమ్మం అవతలినుంచి.

"పద్నాలుగు" అన్నాను.

గడియ వేశాను. తొమ్మిది రోజులుగా ఆ చప్పుడు బయటినుంచే విన్నాను. లోపలినుంచి వేరేగా ఉంది. మిట్టమధ్యాహ్నం కళ్ళు మూసుకుపోయాయి.

లేచేసరికి వంటింట్లో గిన్నెలు కిందపడుతున్నాయి. "పాలు ఎంతసేపు కాగాలే?" అని ఆయన కేక.

"మీ ముక్కు బాగానే ఉందిగా" అన్నాను.

చాలాసేపటికి స్టూలు మీద ఏదో పెట్టిన చప్పుడు. "మూడుసార్లు కొట్టరా" అంది హాల్లోంచి అత్తయ్య. కొట్టాడు. నేను గడియ మీద చెయ్యి వేసి, తియ్యకుండా నిలబడ్డాను.

"ఆరడుగులు వెనక్కి" అన్నాను.