మీ వైపు తాడు

కొలతక్క ఇంట్లో కుడి ఎడమలు లేవు. ఉన్నవల్లా మీ వైపు, నా వైపు. పెళ్లయిన కొత్తలో మంచం మీద ఎడమ పక్క, తలుపు దగ్గర ఆయన పడుకున్నాడు. కుడి పక్క, కిటికీ దగ్గర ఆవిడ పడుకుంది. ఆ ఏర్పాటు మంచం దిగి ఇల్లంతా పాకింది. ఫ్యాను స్విచ్చి ‘మీ వైపుది’. పొయ్యిలో సరిగా వెలగని బర్నరు ‘నా వైపుది’. స్కూటర్ మీద వెనక కూర్చుని ఆవిడ “మీ వైపు తిప్పండి” అంటే ఎడమకు తిప్పాలని ఆయనకు వేరే చెప్పక్కర్లేదు. బయటివాళ్లతోనే చిక్కు. అలవాటులో ఓసారి ట్యాక్సీ అతనితో “నా వైపు తిప్పు బాబూ” అంటే, పాపం, అతను అద్దంలోంచి అదోలా చూశాడు.

ఆవిడ దర్జీ. టేపు తీయకుండా, మనిషిని ఒక్క చూపు చూసి నడుమెంతో భుజమెంతో చెప్పేస్తుంది కాబట్టి వీధి వీధంతా కొలతక్క అంటుంది. ఆయన ఈతకొలనులో పిల్లలకు ఈత నేర్పుతాడు, అందరికీ ఈత మాస్టారు. ఇలాంటి ఇద్దరు వీపున సంచులేసుకుని ఎడారిలో నడవడానికి బయల్దేరారంటే దానికి కారణం ఒక గుడారం.

కొలతక్క ఇన్నేళ్లూ కుట్టిందంతా ఇంకొకరు కుట్టినదాని మీదే. పొడవైన ప్యాంటు కత్తిరించడం, ఊడిన జిప్పు మార్చడం, ఒళ్లు చేసినవాళ్లకు కుట్లు విప్పడం, చిక్కినవాళ్లకు కుట్లు బిగించడం. తన చేతిలో మొదలై తన చేతిలోనే పూర్తయ్యే వస్తువొకటి కుట్టాలని ఆవిడకు ఎంత కోరికో చెప్పలేం. ఒకరోజు ట్రెక్కింగ్ సామాన్ల షాపాయన చిరిగిన గుడారం పట్టుకొచ్చి బాగుచేయమన్నాడు. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఇది కుట్టినవాళ్లకు బట్టంటే పగలా ఉంది. ఇంతకంటే మంచిది నేను కుడతాను,” అంది.

షాపాయన మాటకారి కాదు, తొందరపడే మనిషీ కాదు. “షాపులో నిలబెడితే అన్ని గుడారాలూ బాగానే ఉంటాయమ్మా. మీరు కుట్టినదాంట్లో ఎడారిలో రెండు రాత్రులు పడుకుని రండి. ఒక్క కుట్టు కూడా వదలకుండా తెస్తే ఈ సీజను గుడారాలన్నీ మీవే,” అన్నాడు.

ఆవిడ అక్కడికక్కడే సరే అంది. ఇంటికొచ్చాక మాస్టారికి చెప్పింది. అడగలేదు, చెప్పింది.

నారింజ రంగు బట్ట తెచ్చి, రోజూ షాపు మూసేశాక కూర్చుని, కిందా పైనా కలిపి ఒకే ఒళ్లుగా గుడారం కుట్టింది. ఇసుకలో మేకులు నిలవవని విని, తాళ్ల చివర ఖాళీ సంచులు కుట్టింది. సంచిలో ఇసుక నింపి పాతిపెడితే అదే మేకు. మాస్టారు తన వంతుగా సామాను సర్దాడు. ఆవిడ తనిఖీ చేస్తుంటే అడుగున నీలం రంగు ఈత నిక్కరు దొరికింది.

“ఎడారికి ఇదెందుకండీ?”

“సంచి సర్దుతుంటే చెయ్యి దానంతటదే పెట్టేసింది. ఉండనీ, బరువెంత?”

ఇసుక వేస్తే రాలనంత జనం అంటూ ఉంటాం కదా. బస్సు దింపేసి వెళ్లిన చోట జనం లేరు, ఇసుక మాత్రం వేయకుండానే ఉంది. నడిచేవాళ్ల కోసం దారి పొడవునా తెల్లరంగు వేసిన కర్రలు పాతారు. వాటిని పట్టుకుని వెళ్తే మూడో రోజుకు అవతలి రోడ్డు వస్తుంది. మొదటి గుట్ట ఎక్కేసరికే కొలతక్క తల ప్రాణం తోకకొచ్చింది. ఒక అడుగు పైకేస్తే అరడుగు కిందికి జారుతోంది.

“ఇసుకతో కొట్లాడకు,” అన్నాడు మాస్టారు వెనక నుంచి. “కొత్తపిల్లలు కొలనులో నీళ్లను ఇలాగే కొట్టి అలిసిపోతారు. పాదం పెట్టి వదిలెయ్. దిగేంత దిగనిచ్చి అప్పుడు రెండోది పెట్టు.”

ఆవిడ అలాగే చేసింది. నడక కుదిరింది. చుక్క నీరు లేని చోట ఈత పాఠం పనికొచ్చినందుకు మాస్టారు సాయంత్రం దాకా మురిసిపోతూనే ఉన్నాడు.

మొదటి రాత్రి గుడారం రాయిలా నిలబడింది. ఒకటే ఇబ్బంది, మాస్టారి వీపు కింద గులకరాళ్లు పొడిచాయి. “నా ఒంటికి అవి తెలీవు, ఇటు రండి,” అని ఆవిడ చోటు మార్చుకుంది. ఆయన కుడి పక్కకు వచ్చాడు, ఆవిడ ఎడమ పక్కకు వెళ్లింది. ఇద్దరూ హాయిగా నిద్రపోయారు. పొద్దున లేచాక ఆ మార్పు సంగతి ఆవిడకు గుర్తు లేదు. ఉండి ఉంటే ఈ కథ ఇంత ఉండేది కాదు.

రెండో రోజు ఎండ చల్లబడుతుండగా, ఒక తెల్ల కర్ర పక్కన చదునైన చోటు చూసి మళ్లీ గుడారం వేశారు. కుడి వైపు నుంచి గాలి లేచింది. అటు సంచి నిండుగా నింపి లోతుగా పాతారు. ఎడమ వైపు సంచి సగమే నింపారు, దాని తాడు మెలిపడింది. కొలతక్క గుడారం ముందు కర్రను రెండు చేతులా పట్టుకుని, వెనక ఉన్న మాస్టారికి వినబడేలా కేక వేసింది.

“ఏవండీ, తాడు మెలిపడింది! మీ వైపు సంచి ఎత్తండి!”

మాస్టారు గబగబా వెళ్లి, వంగి, లోతుగా పాతిన కుడి వైపు సంచి ఎత్తాడు.

గాలికి అదే కావాలి. తెరిచి ఉన్న తలుపులోంచి దూరి గుడారం పొట్ట నింపింది. ఆవిడ చేతుల్లోంచి కర్ర, ఆయన చేతుల్లోంచి సంచి జారిపోయాయి, సగం నిండిన సంచి కూడా ఇసుకలోంచి ఊడి వచ్చేసింది. నారింజ రంగు గుడారం ఓసారి లేచి, ఓసారి కూర్చుని, దొర్లుకుంటూ గుట్ట దాటి వెళ్లిపోయింది. కొలతక్క మాస్టారి వైపు తిరిగింది.

“మీ వైపు అన్నాను కదండీ!”

“నా వైపే ఎత్తాను! రాత్రి నేను పడుకున్నది అటే కదా!”

“మన మంచం మీద మీ వైపు ఏది?”

“ఇది మంచమా?”

“నువ్వు మాట్లాడకు!”

ఆవిడకు మామూలు కోపమొస్తే మాటలు పెరుగుతాయి. అసలు కోపమొస్తే ‘మీరు’ కాస్తా ‘నువ్వు’ అవుతుంది. కాపురంలో ఇది రెండోసారి. మొదటిసారి, ఆయన బట్ట కోసే కత్తెరతో కాగితం కోసినప్పుడు. మాస్టారు చేతులకంటిన ఇసుక మెల్లగా దులుపుకున్నాడు.

తర్వాత ఆయనే అన్నాడు. “మన దగ్గర నీళ్లున్నాయి, దుప్పట్లున్నాయి. పొద్దున్నే బయల్దేరితే రోడ్డెక్కేస్తాం. పోతే పోయింది, ఇంకోటి కుట్టుకుందాం.”

“గాలికి వదిలేయమంటారా?” ‘మీరు’ తిరిగొచ్చింది. “అది దొరక్కపోతే షాపాయన ముందుకు ఏ మొహం పెట్టుకుని వెళ్లను? రేపటి నుంచి మళ్లీ ఊళ్లోవాళ్ల ప్యాంట్లు కత్తిరించుకుంటూ కూర్చోవాలి. నాకు ఇష్టం లేదు. ఆ గుడారం నాది. తెచ్చుకుంటాను.”

మాస్టారు ఆవిడ మొహం చూశాడు. ఈత పిల్లల్లో ఎవరు కొలను గట్టు వదులుతారో ఎవరు వదలరో చూడగానే చెప్పగల మనిషి. సామాను సంచి భుజాన వేసుకున్నాడు.

“నీళ్లు మనతోనే వస్తాయి. తెల్ల కర్ర కనిపించనంత దూరం వెళ్లం. పొద్దు వాలితే తిరిగొచ్చేస్తాం. ఒప్పుకుంటే పద.”

“ఒప్పుకున్నా.”

గుట్ట మీద నిలబడి చూస్తే ఎటు చూసినా ఇసుకే, నారింజ రంగు ఎక్కడా లేదు. మాస్టారు గాలి వెళ్తున్న వైపు నేరుగా చెయ్యి చూపించాడు. కొలతక్క తల అడ్డంగా ఊపింది. కోపం దిగాక ఆవిడ బుర్ర బాగా పనిచేస్తుంది.

“నేను అడుగు కూడా కలిపి కుట్టానుగా. గాలి నిండితే అది బంతి. బంతి ఎదురుగా ఉన్న గుట్ట ఎక్కదు, పక్కనున్న పల్లంలోకి పోతుంది. అదిగో, అక్కడ చూడాలి.”

పక్కన పల్లంలో ఎండిన వాగు ఉంది, దాని గట్టు పొడవునా ముళ్లపొదలు. మాస్టారు పాదాలు వదిలేసి జారుకుంటూ ముందు దిగాడు, వెనకే ఆవిడ దిగింది. ఇసుకలో గుడారం మూల గీసిన గీత ఒకటి కనిపించింది. ఆ గీత పట్టుకుని వెళ్తే మూడో పొద దగ్గర గుడారం తలకిందులుగా ఇరుక్కుని, గాలి వచ్చినప్పుడల్లా ఎగశ్వాస పీలుస్తోంది.

దొరికిందన్న సంతోషం కొలతక్కకు ఇంకా రాలేదు. దొరకడం వేరు, కుట్టు నిలవడం వేరు. పొదలోంచి ఒక్కొక్క ముల్లూ విడదీసి బయటికి లాగి, ఇసుక మీద పరిచి, కళ్లు మూసుకుని కుట్ల వెంట వేళ్లు నడిపించింది. కుట్టు సంగతి కంటి కంటే వేలికే బాగా తెలుస్తుంది. ఆ వేళ్లు ఒక మూల నుంచి ఇంకో మూలకు పోతున్నంతసేపూ మాస్టారు ఊపిరి బిగబట్టాడు. ఆయన నీళ్ల అడుగున కూడా ఎప్పుడూ అంతసేపు బిగబట్టలేదు.

“ఏమైంది? చెప్పవేం?”

“ఒక్కటీ వదల్లేదండీ.” ఆవిడ కళ్లు తెరిచింది. “కప్పు బట్టలో ముల్లు దిగి చిరుగు పడింది. అది బట్ట తప్పు. నా కుట్టు ఒక్కటీ వదల్లేదు.” అంటూనే ఏడ్చేసింది, ఏడుస్తూనే నవ్వేసింది. మాస్టారు పక్కన కూలబడి ఆవిడ తలమీది ఇసుక దులిపాడు.

సూదీ దారం లేకుండా కొలతక్క పక్క వీధికి కూడా వెళ్లదు. మాసిక వేయడానికి బట్ట ముక్కే లేదు. ఆవిడ కాసేపు ఆలోచించి మాస్టారిని కిందినుంచి పైదాకా చూసింది.

“నిక్కరు తీయండి.”

“ఇక్కడా?”

“సంచిలోంచి!”

నారింజ కప్పుకు నీలం మాసిక పడింది. మిగిలిన నీలం బట్టను పేలికలుగా చించి ఒక వైపు తాడుకు కట్టింది. చీకటి పడకముందే తెల్ల కర్ర దగ్గరికి తిరిగొచ్చి మళ్లీ గుడారం వేశారు. ఈసారి ఆవిడ “నీలం తాడు లాగండి” అంది, ఆయన నీలం తాడే లాగాడు. ఆ రాత్రంతా గాలి కొడుతూనే ఉంది. ఇద్దరూ గుర్రు పెట్టి నిద్రపోయారు.

ఊరికి తిరిగొచ్చి షాపాయన దగ్గరికి వెళ్లేటప్పుడు మెట్ల దగ్గర మాస్టారు నీళ్లు నమిలాడు. “ఎగిరిపోయిన సంగతి చెప్పాలంటావా? ముల్లు గుచ్చుకుందంటే చాలుగా. అబద్ధం కూడా కాదు.”

“నా గుడారం ఏం చేసిందో నేను దాచనండి,” అని ఆవిడ లోపలికి నడిచింది.

మంచం దగ్గర మొదలుపెట్టి మాసిక దాకా అంతా చెప్పింది. నిక్కరు సంగతి కూడా. కౌంటర్ దగ్గర కూర్చున్న షాపాయన భార్య నవ్వాపుకోలేక బిల్లు పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుంది. షాపాయన నవ్వలేదు. గుడారం నేలమీద పరిచి, తాడు కుట్టిన చోట కాలితో తొక్కిపట్టి రెండు చేతులా లాగాడు. మొహం ఎర్రబడేదాకా లాగాడు. తర్వాత ఇంకో మూల, ఆ తర్వాత ఇంకోటి.

“నేను ఎడారిలో రెండు రాత్రులు నిలబెట్టమన్నాను. ఇది నిలబడలేదు,” అన్నాడు.

కొలతక్క చూపు దించలేదు. “నిలబడింది. ఎత్తింది మేము,” అంది.

షాపాయన మాసిక మీద వేలితో తడిమాడు. “నిలబడ్డవి నా దగ్గర బోలెడు. ఎగిరిపోయి, దొర్లి, ముళ్లలో పడి, మళ్లీ ఆ రాత్రే మనిషిని పడుకోనిచ్చింది మాత్రం ఇదే చూడటం. బట్ట ఎప్పుడు పంపించమంటారు?”

మాస్టారు ఈలోపు ఎవరూ కూర్చోమనకుండానే అక్కడున్న స్టూలు మీద కూర్చున్నాడు.

“ఒక మార్పు మాత్రం చేయాలి,” అన్నాడు షాపాయన. “ఒక వైపు నీలం తాళ్లు, ఇంకో వైపు ఎర్రతాళ్లు వేయండి. మీలాంటివాళ్లే ఎక్కువమంది వస్తారు.”

“నీలం నాది,” అంది కౌంటర్ దగ్గర నుంచి ఆయన భార్య, తలెత్తకుండా.

బట్ట వచ్చిన రోజు కొలతక్క షాపులో ఆల్టరేషన్ల బల్ల ఖాళీ చేసింది. బల్ల చాలక గది ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నేలమీదే బట్ట పరిచింది. కొలను సెలవు కావడంతో మాస్టారు సాయానికి వచ్చాడు. ఆవిడ ఒక చివర మోకాళ్ల మీద కూర్చుని సుద్దతో గీత గీసి, కత్తెర తీసుకుంది.

“మీ వైపు గట్టిగా పట్టుకోండి.”

దెబ్బతిన్న మనిషి కాబట్టి మాస్టారు కదల్లేదు. కుడి చేతి వంక చూసుకున్నాడు, ఎడమ చేతి వంక చూసుకున్నాడు.

“నా వైపంటే ఏది?”

కొలతక్క తలెత్తి ఆయన్ని చూసింది. “మీరెక్కడుంటే అదేనండీ,” అంది.

ఆయన ఉన్నచోటే కూర్చుని బట్ట అంచు రెండు చేతులా పట్టుకున్నాడు. ఆవిడ కత్తెర వేసింది.