ముద్ద శంఖం

దాలమ్మ ఏటా శంఖుపూల గింజలు తనే తీసి, పెరటి కంచె పొడుగునా తనే నాటేది. పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిదిలో వాటిలో ఒక్క తీగకు మాత్రం రేకు పువ్వుకు బదులు ముద్ద పువ్వు పూసింది. ముదురు నీలం, మడత మీద మడత! రాయపూర్ డబ్ల్యూఆర్ఎస్ రైల్వే కాలనీలో అలాంటిది ఇంకెవరింట్లోనూ లేదు. పూజకైనా కోయకుండా కాపాడితే, మూడంటే మూడు కాయలు నిలిచాయి.

అవి పచ్చిగా ఉండగానే రైల్వే గ్యాంగు మేస్త్రీ పరదేశి వచ్చాడు.

"అప్పా, కంచెలు పీకేసి గోడలు కట్టమని ఆర్డరొచ్చినాది. రేపు నీ క్వార్టరు కాణ్ణించే మొదలు."

దాలమ్మ తీగకు అడ్డం వచ్చింది. "పచ్చి కాయలో గింజ మొలవదు తమ్ముడూ! పది రోజులాగలేవా?"

"నానేటి సేసీది? సాబ్ రోజూ వొచ్చి సూస్తాడు."

ఆమె ఇళ్ల వరుస కేసి చూసింది. మొత్తం పన్నెండు. తనదే మొదటిది.

"పనాపమన్నానేటి? ఆ సివర్నించి మొదలెట్టు!"

పరదేశి తల గోక్కున్నాడు. ఏ చివర నుంచి మొదలుపెట్టాలో ఆర్డరులో లేదు మరి.

ఇక ఆ చివర నుంచి రోజుకో కంచె లేచిపోతోంది. కాయ ఎండితే చిట్లి గింజలు ఎగిరిపోతాయని, దాలమ్మ మూడింటికీ పల్చటి గుడ్డ ముక్కలు కట్టింది. భర్త కొండలరావు వర్క్‌షాపు నుంచి వస్తూనే, బూట్లయినా విప్పకుండా పెరట్లోకి నడిచేవాడు.

"ఎన్నో ఇల్లయింది?"

"అయిదు. ఒక కాయ రంగు తిరిగినాది!"

ఎనిమిదో రోజు మబ్బు పట్టి చినుకులు పడితే, పక్కింటి అన్నమ్మ గొడుగు తెచ్చి కాయల మీద పట్టుకుని నిలబడింది.

పదకొండో రోజు అన్నమ్మ కంచే లేచిపోయింది. మిట్టమధ్యాహ్నం గుడ్డలో టప్‌మంది.

"అన్నమ్మా, రాయే! పేలినాది!"

విప్పి చూస్తే ఆరు గింజలు. సాయంత్రానికి రెండోదీ చిట్లింది. మూడోది మాత్రం పచ్చగానే ఉంది.

తెల్లారి పరదేశి గునపంతో వచ్చాడు. ఆ కాయను చూశాడు. తన మనుషుల్ని పిలిచి, తీగ అల్లుకున్న తడికను కట్లు విప్పించి, వేరు కదలకుండా నలుగురి చేతా ఇంటి గోడ వైపు వాల్పించాడు.

"నాకూ రెండు గింజలియ్యప్పా. ఆరంగ్ ఊళ్లో ఉన్న మా పాపకి."

"రెండేటి, నాలుగట్టుకెళ్లు!"

మూడో కాయా ఆ వాలిన తడిక మీదే ముదిరింది. తొలకరికి ఆరు నాటితే అయిదు మొలిచాయి. ముద్ద పువ్వు గింజకు ముద్దే పూస్తుందన్న భరోసా ఎవరూ ఇవ్వలేదు. మొదటి తీగకు పూసింది ఉత్త రేకు పువ్వే. ఆ పూటంతా దాలమ్మ మిగతా తీగల మొగ్గలు లెక్కపెడుతూ కూర్చుంది.

మూడో రోజు పొద్దున్నే కేక వినిపించి, గడ్డం గీసుకుంటున్న కొండలరావు నురగ మొహంతోనే పెరట్లోకి ఉరికాడు. రెండో తీగ మీద నీలం పువ్వు, మడత మీద మడత. దాలమ్మ అక్కడ లేదు. అప్పటికే వీధిలోకి పోయి, చేతులూపుతూ వరుసంతా వినేలా అరుస్తోంది:

"ముద్దే! ముద్దే పూసినాది!"