నిప్పుకోడి సెలవు

ఫోను మోగేసరికి నిప్పుకోడి మెట్ల రెయిలింగుకు కమ్మీ అతుకుతున్నాడు. పొడవాటి మెడ, ఒంటిచుట్టూ ఎప్పుడూ రవ్వలు. షెడ్డులో వాళ్లు ఆ పేరు పెట్టక ఏం చేస్తారు? ముసుగు పైకెత్తి, చేతి తొడుగు పళ్లతో లాగి ఫోను అందుకున్నాడు. అవతల భార్య. ఆపరేషనుకు ఆసుపత్రివాళ్లు ఒప్పుకున్నారట, మంచం దొరికిందట, రేపే చేరాలట, తను షెడ్డుకే వస్తోందట. అంతా ఒక్క గుక్కలో చెప్పి, ఊపిరి అందక నవ్వేసింది. కొత్త కాపురం, ఆమె నవ్వితే నవ్వకుండా ఉండటం అతనికింకా చేతకాదు. నవ్వుతూనే గడియారం వైపు చూశాడు. నాలుగు కావస్తోంది. ఆ తలనొప్పి వచ్చే వేళ.

కాల్చిన మేకును ఎడమ కంటి వెనక దిగ్గొట్టినట్టు, ఏళ్ల తరబడి అదే వేళకు వస్తోంది. వెల్డింగు వెలుగువల్లేనని షెడ్డంతా నమ్మకం. మేస్త్రి పాపం ముసుగుకు మరింత నల్లటి అద్దం తెచ్చి బిగించాడు. నొప్పి తగ్గలేదు గానీ, ఏమీ కనపడక ఆ వారమంతా గేట్లు వంకర పోయాయి.

మందులు, సూదులు, ఆక్సిజన్ అన్నీ అయ్యాక పెద్ద డాక్టరు ఈ దారి చెప్పాడు. పుర్రెకు చిన్న రంధ్రం చేసి మెదడు లోతుకు సన్నటి తీగ పంపుతారు. ఛాతీ పైభాగాన చర్మం కింద బ్యాటరీ పెడతారు. అందులోంచి వెళ్లే కాస్తంత కరెంటు నొప్పిని అదుపు చేయవచ్చు. అందరికీ పనిచేస్తుందని మాట ఇవ్వలేనన్నాడు. అంతవరకు భార్యా విన్నది. ఆమె మందులకని బయటికి వెళ్లాక డాక్టరు అన్నది మాత్రం వినలేదు: బ్యాటరీ పెట్టాక వెల్డింగు జోలికి పోకూడదు, ఆ కరెంటు దాన్ని చెడగొట్టవచ్చు. మీసాలు రాకముందు పట్టుకున్న పని. ఇంకోటి రాదు.

కమ్మీ సగంలో ఉండగానే కన్ను కారడం మొదలైంది. చేతిలోని వెల్డింగు హోల్డరు వదిలేసి షెడ్డు వెనక్కి పరిగెత్తి, నీళ్ల డ్రమ్ముకేసి నుదురు కొట్టుకున్నాడు. ఆపరేషనుకు గుండు చేస్తారని ముందే అతనికి టోపీ కొని మురిసిపోతూ వచ్చిన భార్య, ఆ చప్పుడు విని అక్కడే ఆగిపోయింది. నొప్పి వేళ అతన్ని ముట్టుకోకూడదని ఆమెకు తెలుసు. టోపీ నలుపుతూ నిలబడింది. డ్రమ్ములో నీళ్లు కదలడం మానాక అతను తల ఎత్తాడు.

"అది పెట్టించుకుంటే ఈ పని ఇక చెయ్యకూడదంట," అన్నాడు కన్నయినా తుడుచుకోకుండా.

"ఎప్పుడు చెప్పారు?"

"నువ్వు మందులకెళ్లినప్పుడు."

"అప్పట్నుంచీ నోరు కుట్టేసుకున్నావా? నేనేదో వెల్డింగు మిషన్‌ని పెళ్లి చేసుకున్నట్టు."

"వేరే పని రాదే నాకు."

"నేర్చుకో. అందాకా నా జీతం ఉంది." ఆమె టోపీ నలపడం ఆపింది. "ఇలా తల బాదుకుంటుంటే పక్కన నిలబడి చూడటం మాత్రం నేను నేర్చుకోలేను."

మేస్త్రి ఎప్పుడు వచ్చాడో, గుమ్మంలో ఉన్నాడు. మిగిలిన కమ్మీ ఇంకొకడి చేత పెట్టించనా అని మెల్లగా అడిగాడు. నిప్పుకోడి తల అడ్డంగా ఊపి లోపలికి నడిచాడు. భార్య వెంట వెళ్లి, వెలుగు కళ్లలో పడకుండా గోడవైపు తిరిగింది. ఆ గోడ మీద తన నీడ నీలి వెలుగులో ఎగిరెగిరి పడుతుంటే, పని పూర్తయ్యేదాకా దాన్నే చూసింది.

"రేపు మొదటి బస్సుకే పోదాం," అంది బయటికి వస్తూ. "కిటికీ సీటు నాది."

సరేనన్నాడు. వెనక బల్ల మీద కొత్త అతుకు ఎరుపు తగ్గి బూడిద రంగుకు తిరిగింది. ఎప్పుడూ సుత్తితో కొట్టి రాల్చే నల్లటి పెంకు, ఈసారి ఎవరూ సుత్తి వేయకుండానే, దానిమీంచి చిటుక్కుమని ఊడి పడింది.