తడిసిన వేలి సాక్ష్యం

నేను ఒక చెమట మీటర్ని. చేతిలో ఇమిడే పెట్టె, రెండు తీగలు, వాటి చివర వేళ్ళకు తొడిగే లోహపు ఉంగరాలు. అంతే నా ఒళ్ళు. మనిషి ఆశపడినా, భయపడినా, సిగ్గుపడినా వేళ్ళ మీద కంటికి కనబడని చెమట పుడుతుంది. దాన్ని పట్టుకుని తెర మీద గీత గీస్తాను. ఎందుకు పుట్టిందో నాకు తెలియదు. అది మనుషులు చెప్పాలి. చెబుతారని నమ్మాను. అక్కడే దెబ్బతిన్నాను.

హైదరాబాద్ బాలానగర్‌లో ఒక చిన్న షెడ్డులో పుట్టాను. మొదట ఒక కాలేజీలో పరీక్షల భయాన్ని కొలిచాను. ప్రశ్నపత్రం చూడకముందే పిల్లల గీతలు కొండెక్కేవి. తర్వాత విశాఖలో తాగుడు మాన్పించే కేంద్రం నడిపే డాక్టర్ మృణాళిని నన్ను కొనుక్కుంది.

ఆమె గదిలో సీసా మూత తీసేవారు. గ్లాసులో మందు పోసి చేతికిచ్చేవారు. వాసన చూడాలి, తాగకూడదు. చెయ్యి ఏమంటుందో నేను గీసేవాణ్ణి. "తాగాలని ఎంత అనిపిస్తోంది? పదికి ఎంత?" అని ఆమె అడిగేది. చేతి మాట, నోటి మాట రెండూ కలిపి చూసేది. అందుకే ఆమె అంటే నాకు గౌరవం.

ఎర్రినాయుడు ఓడల సరుకు దించే యార్డులో క్రేన్ నడిపేవాడు. తాగి డ్యూటీకి వచ్చాడని మేనేజర్ శశిభూషణ్ అతణ్ణి కిందకి దించేసి, మృణాళిని కేంద్రానికి పంపాడు. "పరీక్షలో గీత సాఫీగా వస్తేనే మళ్ళీ క్రేన్ ఎక్కుతావ్" అన్నాడు. నాయుడు తాగుడు మానేశాడు. నిజంగానే మానేశాడు. వారం వారం అతని వేళ్ళ మీద చెమట తగ్గడం నాకు తెలుసు.

చివరి పరీక్ష రోజు నా ఉంగరాలు అతని కుడిచేతి వేళ్ళకు ఉన్నాయి. ఎడమచేతికి గ్లాసు ఇచ్చారు. గీత నిద్రపోతున్నట్టు సాగుతోంది. అంతలో నాయుడు అలవాటుకొద్దీ చూపుడువేలు ఉంగరంతో సహా గ్లాసులో ముంచి, రెండు చుక్కలు నేల మీద చిలకరించాడు. పోయినవాళ్ళ పేరు చెప్పి అలా చల్లకుండా నాయుడి వాళ్ళలో ఎవరూ గ్లాసు ఎత్తరు. లోహం తడిసింది. నా గీత నిట్టనిలువుగా ఎగిరింది.

"అదేంటయ్యా, ఏం చేశావ్?"

"మా అన్నకమ్మా. సచ్చిపోనాడు గదా. గలాసు సేతికొస్తే ఏలు దానంతటదే ఎల్లిపోద్ది. తాగుదావనైతే కాదు, ఒట్టు!"

"పదికి ఎంత?"

"సున్నాయేనమ్మా."

ఆమె నవ్వింది. "ఇది తడి వల్ల వచ్చింది, లెక్కలోకి రాదు. తుడుచుకో. ఈ ముక్క తీసేస్తాను" అంది.

తియ్యలేదు. యార్డులో అందరినీ నాతో పరీక్ష చేయించాలని శశిభూషణ్ ఆలోచిస్తున్నాడు; అది కుదిరితే ఆమె కేంద్రానికి బోలెడు డబ్బు. యంత్రం గట్టిదని అతను నమ్మాలి. నమ్మించడానికి ఎగిరిన గీత కంటే ఏం కావాలి? నోటి మాట వదిలేసి, గీత ఒక్కటే పంపింది. నాయుడి ఉద్యోగం పోయింది. నాకు పేరొచ్చింది.

నన్ను యార్డుకి తీసుకెళ్ళారు. డాక్టరూ వచ్చింది. గేటు దగ్గర నాయుడు బతిమాలుతూ నిలబడ్డాడు. కూలీలు వరసలో ఉన్నారు. శశిభూషణ్ టిఫిన్ తిని, చేతులు కడుక్కుని, తుడుచుకోకుండానే వచ్చాడు.

"భయపడకండ్రా. ముందు నేను పెట్టుకుంటా. జన్మలో చుక్క ముట్టనివాణ్ణి. గీత ఎంత సాఫీగా ఉంటుందో చూడండి."

పెట్టుకున్నాడు. గీత తెర దాటిపోయింది. యార్డులో మందుకు బదులు గోడ మీద బొమ్మలు చూపిస్తున్నారు; అప్పటికి సీసా బొమ్మ కూడా రాలేదు, గులాబీ పువ్వు ఉంది.

"ఓలమ్మ! పువ్వుకే ఇలాగైపోతే సీసా సూత్తే సారు ఏటైపోతారో!" అన్నాడు వరసలో ఒకడు. యార్డంతా గొల్లుమంది.

శశిభూషణ్ ఎర్రబడి డాక్టరు వైపు తిరిగాడు. "ఏంటిది మేడమ్? నేను తాగుబోతునా?"

చేతులు తడిగా ఉన్నాయని ఒక్క మాట అంటే చాలు. కానీ ఆ మాట అంటే, నాయుడి గీత సంగతి కూడా బయటపడుతుంది.

"యంత్రంలోనే లోపం ఉందండీ" అంది మృణాళిని. "మొదటినుంచీ అంతే."

"అయితే వాడికి కూడా తప్పే చూపించిందన్నమాట. ఒరే నాయుడూ, పోయి క్రేన్ ఎక్కు!"

నాయుడు నోరు తెరిచాడు. వేలు ఎలా తడిసిందో అతనికి తెలుసు. నా వైపు చూశాడు. తల ఎత్తి క్రేన్ వైపు చూశాడు. నోరు మూసుకుని మెట్లెక్కాడు. అతని మీద నాకు కోపం లేదు. పైన కూర్చుంటేనే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది.

ఇప్పుడు కేంద్రంలో పాత ఫ్యాన్ల మధ్య అట్టపెట్టెలో ఉన్నాను. నా మీద 'పనికిరాదు' అని కాగితం అంటించారు. దాన్ని అంటించింది మృణాళినే. ఆ మాట అబద్ధమని తెలిసిన చేతులవి. అంటిస్తున్నంతసేపూ అవి నా ఉంగరాలకు తగలకుండా జాగ్రత్తపడ్డాయి.