పేరు అడగని ఫిర్యాదు

మునిసిపాలిటీ ఇన్‌స్పెక్టరు తలుపు తట్టేసరికి కళ్ళజోళ్ళ షాపాయన నేలమీద కూర్చుని చుక్క నడుముకి మందు రాస్తున్నాడు. చుక్క దూడంత నల్ల కుక్క. నొసట తెల్లమచ్చ ఉంది కాబట్టి ఆ పేరు. వయసు మీద పడి వెనక కాళ్ళు పట్టు తప్పాయి. మూడో అంతస్తు నుంచి కిందికి దిగడానికి ప్రతి మలుపులోనూ ఆగి ఊపిరి పీల్చుకునేది.

"మీ కుక్క మీద ఫిర్యాదు వచ్చిందండీ," అన్నాడు ఇన్‌స్పెక్టరు, గడప అవతలే నిలబడి.

"దీని మీదా? ఎవరిచ్చారు?"

"మాకూ తెలీదు. ఫోన్ చేసినవాళ్ళ పేరు మేం అడగం."

"పోనీ, ఏమని చెప్పారు?"

"అది మీకు చెప్పకూడదండీ. రూలు." ఇన్‌స్పెక్టరు జేబురుమాలుతో ముక్కు తుడుచుకున్నాడు. "ఇప్పటికి హెచ్చరికే. శాసనసభలో కొత్త బిల్లు నడుస్తోంది చూశారా, అది పాసయిందంటే మాత్రం ఫోన్ వచ్చిన రోజే బండి వేసుకుని రావాలి. కుక్కని తీసుకెళ్ళి షెడ్డులో పెట్టాకే విచారణ."

చుక్క మెల్లగా లేచి వెళ్ళి అతని బూటు వాసన చూసి, దాని మీదే తల పెట్టి పడుకుంది. అతను వంగి దాని చెవి నిమరబోయి, డ్యూటీలో ఉన్న సంగతి గుర్తొచ్చినట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

అతను వెళ్ళిపోయాక భార్య వంటింట్లోంచి వచ్చింది. ఆవిడ పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పనిచేస్తుంది. నొప్పితో వచ్చే జనాన్ని రోజూ చూస్తుంది కాబట్టి తొందరగా కంగారు పడే మనిషి కాదు.

"ఎవరై ఉంటారండీ?"

"ఇంకెవరు? మెట్ల మీద చుక్కని చూడగానే గోడకి అతుక్కుపోయేది ఎవరో నీకు తెలీదా?"

ఆయన చెప్తున్నది కింది అంతస్తులో ఒంటరిగా ఉండే టైపు మేడమ్ గురించి. ఒకప్పుడు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేది. కంప్యూటర్లు వచ్చి అది మూతపడినా పేరు మాత్రం మిగిలింది. చుక్క కనబడితే చేతిసంచీ గుండెలకి అదుముకుని, అది దాటిపోయేదాకా కళ్ళు మూసుకునేది.

"భయపడేవాళ్ళందరూ ఫిర్యాదు చేస్తారా?" అంది భార్య.

"చెయ్యకపోతే ఇంకెవరు చేశారో నువ్వే చెప్పు."

ఆవిడ చెప్పలేకపోయింది. దాంతో ఆయనకి అనుమానం కాస్తా రూఢి అయిపోయింది.

పార్కులో కుక్కల్ని తిప్పేవాళ్ళందరూ కలిసి అంతకు కొన్ని నెలల ముందే ఒక సంఘం పెట్టుకున్నారు. పెట్టించింది ప్రెసిడెంటు. ప్రకటనల కంపెనీలో జీవితమంతా సబ్బులూ టూత్‌పేస్టులూ అమ్మించి రిటైరైన మనిషి. ఆయనకి కోరలు బయటికి కనబడే రెండు వేట కుక్కలున్నాయి. బిల్లు సంగతి ముందు పసిగట్టిందీ, ఎమ్మెల్యేల ఇళ్ళ చుట్టూ తిరిగిందీ, శాసనసభ కమిటీ ముందు మాట్లాడే అవకాశం సంపాదించిందీ ఆయనే. ఫిర్యాదు సంగతి వినగానే ఆయన షాపాయన భుజం మీద చెయ్యి వేశాడు.

"తమ్ముడూ, ఇన్నాళ్ళూ మన దగ్గర కోపం ఉంది గాని కథ లేదు. కోపం చూసి చట్టాలు మారవు. ఇప్పుడు నువ్వు దొరికావు. కమిటీ ముందు నువ్వే మాట్లాడాలి."

"నాకు నలుగురిలో మాట్లాడ్డం రాదు సార్."

"అందుకే నువ్వు. మాట్లాడ్డం వచ్చినవాణ్ణి ఎవడు నమ్ముతాడు?"

ఆ రోజు నుంచి షాపాయన మనశ్శాంతి పోయింది. కింది అంతస్తు దాటేటప్పుడు నడక నెమ్మదించేవాడు. తలుపు వెనక మాటలు వినిపిస్తే చెవి ఒగ్గేవాడు. ఒకసారి లోపల ఫోన్ మోగితే, చెప్పుల పట్టీ సర్దుకునే వంకతో అది ఆగేదాకా అక్కడే వంగి నిలబడ్డాడు. టైపు మేడమ్ కిటికీ రెక్క వేసుకుంటే ‘ఇదిగో, మొహం చాటేస్తోంది’ అనుకున్నాడు. వేసుకోకపోతే ‘కాపలా కాస్తోంది’ అనుకున్నాడు. ఆవిడ ఎదురుపడి "బాగున్నారా?" అంటే ఆ పలకరింపులో ఏం దాచిందా అని ఇంటికి వెళ్ళాక కూడా తవ్వుకునేవాడు.

ఆవిడ కళ్ళజోడు ఆయన షాపులోనే ఉంది. చెవి మీదికి వచ్చే పుల్ల విరిగితే బాగు చెయ్యమని ఇచ్చింది. పది నిమిషాల పని. ఆవిడ అడగడానికి వచ్చినప్పుడు ఆయన తల ఎత్తకుండా, లెన్సు సానపడుతూ, "దానికి సరిపోయే పుల్ల దొరకలేదు మేడమ్, తెప్పించాలి," అన్నాడు. పుల్ల ఆయన మోచేతి కింద సొరుగులోనే ఉంది. ఆవిడ "పర్లేదు, నిదానంగానే ఇవ్వండి," అని, మెట్టు ఎక్కడుందో కాలితో వెతుక్కుంటూ షాపు దిగింది. ఆయనకి ఏదో గెలిచినట్టు అనిపించింది. ఆ అనిపించడం ఎంతోసేపు నిలవలేదు. అయినా మర్నాడు కూడా ఆ కళ్ళజోడు ముట్టుకోలేదు.

కమిటీ విచారణకి సంఘం వాళ్ళందరూ వ్యాన్ మాట్లాడుకుని బయల్దేరారు. కుక్కల్ని సభా భవనంలోకి రానివ్వరు కాబట్టి వాటిని ఇళ్ళలోనే వదిలేశారు. షాపాయన భార్య సెలవు పెట్టి వెంట వచ్చింది. ప్రెసిడెంటు ముందు సీట్లో కూర్చుని, వెనక్కి తిరిగి, షాపాయన చేత మాటలు వల్లె వేయిస్తున్నాడు.

"ఇక్కడ గొంతు తగ్గించు. ‘మా చుక్క మెట్ల మీద ఒక పెద్దావిడ మీదికి దూకిందని ఫిర్యాదు వచ్చింది. అయ్యా, నడుము లేవని కుక్క దూకడమేమిటి?’ అని ఆగు. ఆగాలి తమ్ముడూ, వాళ్ళకి చుక్క ఫొటో చూడ్డానికి టైమివ్వాలి."

షాపాయన ఆగాడు. నేర్పినందుకు కాదు.

"దూకిందని ఫిర్యాదా?"

"అవును."

"మీకెవరు చెప్పారు?"

"నువ్వే చెప్పావుగా."

"నాకే తెలీదు సార్. ఏమని ఫిర్యాదు వచ్చిందో ఇన్‌స్పెక్టరు చెప్పనన్నాడు."

ప్రెసిడెంటు ముందుకి తిరిగి రోడ్డు చూడసాగాడు. "ఎవరో అన్నారులే," అన్నాడు. ఆయన మెడ వెనక భాగం ఎర్రబడడం వెనక కూర్చున్న అందరికీ కనబడింది.

పెట్రోలు బంకు దగ్గర బండి ఆగగానే షాపాయన ఆయన్ని గాలి కొట్టే మిషను పక్కకి తీసుకెళ్ళాడు.

"మీరే కదా?"

ప్రెసిడెంటు దొరికిపోయినవాడి సిగ్గు ఏమీ లేకుండా, పని చెడిపోతుందేమో అన్న చిరాకుతో మాట్లాడాడు.

"ఫోన్ చేసింది నేనే. ఎవరికి నష్టం? హెచ్చరికే కదా వచ్చింది! నా కుక్కల మొహాలు చూశావుగా. వాటి ఫొటో పెడితే బిల్లు సాయంత్రానికల్లా పాసవుతుంది. చుక్క మొహం చూస్తే రాయికైనా జాలేస్తుంది. ఇంతమంది కుక్కల్ని కాపాడుకోవాలంటే ఒక మంచి కుక్క మీద నింద పడాలి. పడలేదు. పడేలా చేశాను."

"నాకు ముందే చెప్పచ్చుగా."

"చెప్తే నీ గొంతులో ఆ బాధ వస్తుందా?"

"టైపు మేడమ్ చేసిందనుకున్నాను సార్. ఇన్నాళ్ళూ ఆవిణ్ణి..."

"అనుకుంటే అనుకున్నావు. ఆవిడకి తెలుసా? పేరు చెప్పకు, సరిపోతుంది." ప్రెసిడెంటు గొంతు తగ్గించాడు. "ఇప్పుడు వెనక్కి తగ్గితే పోయేది నేను కాదు తమ్ముడూ. చుక్క."

ఆ మాట మాత్రం సూటిగా తగిలింది. షాపాయన వ్యాన్ ఎక్కి భార్య పక్కన కూర్చుని సంగతంతా చెవిలో చెప్పాడు.

"కళ్ళజోడు ఇచ్చేశారా ఆవిడకి?" అంది ఆవిడ.

ఆయన తల అడ్డంగా ఊపాడు. కళ్ళజోడు సంగతి ఈవిడకి ఎప్పుడు తెలిసిందో మాత్రం అడగలేదు.

కమిటీ గది పెద్దదేమీ కాదు. గుర్రపు నాడాలా బల్లలు వేసి సభ్యులు కూర్చున్నారు. ఏసీ చప్పుడుకి మాటలు సరిగ్గా వినబడడం లేదు. సంఘం వాళ్ళకి ఎదురు వరసలో బిల్లు కావాలన్నవాళ్ళు కూర్చున్నారు. వాళ్ళలో ముందు మాట్లాడింది ఒక బస్సు మెకానిక్. పక్కింటి కుక్క అతని కూతురి బుగ్గ చీల్చేసింది. అతను ఏడవలేదు, అరవలేదు. కుట్లు పడిన బుగ్గతో పిల్ల నవ్వడం మానేసిందని మాత్రం చెప్పి కూర్చున్నాడు. కూర్చున్నాక కుక్కల సంఘం వైపు ఒకసారి చూశాడు. ఆ చూపులో తన చూపే కనబడింది షాపాయనకి, మెట్ల మీద టైపు మేడమ్‌ని చూసే చూపు.

ఆయన వంతు వచ్చింది. మైకు ముందు కూర్చున్నాడు. ప్రెసిడెంటు నేర్పిన మొదటి వాక్యం చెప్పాడు. రెండోది గుర్తుంది గాని రాలేదు.

"నా కుక్క మీద ఫిర్యాదు వచ్చిందండీ. అది అబద్ధం. మా కింద ఉండే ఒకావిడ చేసిందని నమ్మాను. ఆవిడ తలుపు దగ్గర పొంచి విన్నాను. బాగు చెయ్యమని ఇచ్చిన కళ్ళజోడు కావాలని ఇవ్వకుండా తొక్కిపెట్టాను. ఆవిడ ఏ పాపం ఎరగదని ఇవాళే తెలిసింది."

కమిటీ అధ్యక్షురాలు ముందుకి వంగింది. "మరి చేసిందెవరు?"

షాపాయన వెనక్కి తిరగలేదు.

"మావాళ్ళలోనే ఒకరండీ. మీకు చెప్పడానికి మంచి కథ కావాలని."

ముందు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒక సభ్యుడు పగలబడి నవ్వాడు. బిల్లు పెట్టిన సభ్యుడు బల్ల చరిచి, "చూశారా అధ్యక్షా, వీళ్ళ నిజాయితీ!" అన్నాడు. వెనక వరసలో కుర్చీ జరిగిన చప్పుడైంది. ప్రెసిడెంటు లేచి తలుపు వైపు నడుస్తున్నాడు.

"నవ్వండి, నవ్వాల్సిందే," అన్నాడు షాపాయన. "కానీ ఒక్క ఫోన్‌తో ఇంత పని జరిగిందండీ. ఫోన్ చేసింది స్నేహితుడు. నేను పగబట్టింది ఏమీ ఎరగని మనిషి మీద. పేరు అడక్కపోతే ఊళ్ళో ప్రతివాడూ ఇంకొకణ్ణి ఇలాగే చూస్తాడు. కుక్కలున్నవాళ్ళు లేనివాళ్ళని, లేనివాళ్ళు ఉన్నవాళ్ళని. నాకు ఇంతకంటే చెప్పడం రాదు."

బయట వరండాలో సంఘం వాళ్ళు ఆయనకి దూరంగా గుంపుగా నిలబడ్డారు. బస్సు మెకానిక్ మాత్రం తిన్నగా ఆయన దగ్గరికి వచ్చాడు. కొడతాడేమో అనుకుని భార్య ఒక అడుగు ముందుకి వేసింది.

"నేను పేరు చెప్పే ఫిర్యాదు చేశానండీ," అన్నాడతను. "అది పిల్లని కరవక ముందే. మళ్ళీ మళ్ళీ చేశాను. ఒక్కడూ రాలేదు. అది కూడా మీరు లోపల చెప్పి ఉంటే బాగుండేది."

"నాకు తెలీదు బాబూ."

"అవున్లెండి, మీకెలా తెలుస్తుంది," అని అతను వెళ్ళిపోయాడు. అతను నమ్మాడో లేదో షాపాయనకి అర్థం కాలేదు.

తిరుగు ప్రయాణంలో ప్రెసిడెంటు వ్యాన్ ఎక్కలేదు. మిగతావాళ్ళు భార్యాభర్తలతో ఒక్క మాట మాట్లాడలేదు. మర్నాడు పేపర్లన్నీ సంఘాన్ని ఆటపట్టించాయి. సంఘం రెండు ముక్కలైంది. పార్కులో కొందరు చుక్కని చూసి కూడా దారి మళ్ళేవారు. బిల్లు అయితే పాసైంది, ఎవరూ అనుకోని రూపంలో. ఫిర్యాదు చేసేవాళ్ళు పేరు చెప్పి తీరాలి. పేరు చెప్పిన ఫిర్యాదు వస్తే ఇన్‌స్పెక్టరు వెంటనే వచ్చి తీరాలి. విచారణ కాకుండా కుక్కని తీసుకెళ్ళకూడదు. షాపాయన మాటల వల్లే మారిందా, మెకానిక్ వల్లా, లేక ఎన్నికలు దగ్గరపడడం వల్లా అన్నది ఎవరికి తోచినట్టు వాళ్ళు చెప్పుకున్నారు.

విచారణ నుంచి వచ్చిన మర్నాడు పొద్దున్నే ఆయన కళ్ళజోడు పట్టుకుని టైపు మేడమ్ తలుపు తట్టాడు. ఆవిడ గొలుసు తీయకుండానే తలుపు కొద్దిగా తెరిచింది. మొహం మీద కొత్త కళ్ళజోడు ఉంది.

"వేరే షాపులో చేయించుకున్నాను," అంది. "పేపర్లో మీ సంగతి చదవడానికి పనికొచ్చింది."

ఆయన తల వంచుకున్నాడు. "తప్పైపోయింది మేడమ్. మిమ్మల్ని అనవసరంగా అనుమానించాను."

"అనవసరంగా కాదు లెండి." ఆవిడ తలుపు సందులోంచి ఆయన్నే చూస్తోంది. "రెండుసార్లు ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. నాకు మీ కుక్కంటే ప్రాణభయం. అది మంచిదని అందరూ చెప్తారు. చెప్పినంత మాత్రాన భయం పోతుందా?"

"మరి ఎందుకు చెయ్యలేదు?"

"మీ ఆవిడ ఒకసారి నాకు జ్వరమొస్తే మందులు తెచ్చిచ్చింది. ఆవిడ మొహం గుర్తొచ్చింది. మీ మొహం గుర్తొచ్చుంటే చేసేదాన్నేమో."

ఆయన పాత కళ్ళజోడు తలుపు సందులోంచి అందించబోయాడు. ఆవిడ తీసుకోలేదు.

"ఒక్క పని చెయ్యండి," అంది. "దాన్ని తీసుకొచ్చేటప్పుడు పై మలుపు నుంచే ఒక కేక వెయ్యండి. నేను తలుపేసుకుంటాను. నాకంతే చాలు."

ఆయన సరేనన్నాడు. అప్పటి నుంచి రోజూ పై మలుపులో, చుక్క ఊపిరి తీసుకుంటుండగా, "మేడమ్, వస్తున్నామండీ!" అని కేక వేస్తాడు. కింద గడియ పడిన చప్పుడు వినబడుతుంది. ఒక్కోరోజు వినబడదు. అలాంటప్పుడు ఆవిడ ఇంట్లో లేదా, లేక తలుపు వెనకే నిలబడి చూస్తోందా అని ఆయన కాసేపు తటపటాయిస్తాడు. తర్వాత చుక్క పట్టీ చేతికి రెండు చుట్లు చుట్టుకుని, గోడవారగా, మెల్లగా కిందికి దిగుతాడు.