కుర్చీలకు కట్టిన ఫోన్లు

నేను అక్షరాలు దిద్దుకున్నది ముసలితనంలో. ఒత్తులు తప్పిపోయి ఉంటాయి, దీర్ఘాలు ఉండాల్సిన చోట ఉండవు. రాయడం కూడా నత్తనడకే. చదివేవాళ్లు కాస్త సర్దుకోవాలి.

సైన్యంలో జనరేటర్లు బాగుచేసే మెకానిక్కు ఒకాయన ఉండేవాడు. నోట్లో నాలుక లేని మనిషి కాబట్టి అందరూ ఆయన్ని మౌనం అనేవాళ్లు. పైవాళ్లు అడిగితే జవాబు, అడగకపోతే పని. చేరిన రోజు నుంచీ అలాగే నెట్టుకొచ్చాడు. చూస్తూ చూస్తూ ఉండగానే ఉద్యోగ విరమణ దగ్గరికొచ్చేసింది. బయట ఏం పని చేయాలో తేల్చుకోలేదు.

ఆయన బావమరిది కాపలావాళ్లను కుదిర్చే ఏజెన్సీలో సూపర్‌వైజరు. ఒక ఆదివారం వచ్చి మంచం మీద చతికిలబడ్డాడు.

"బావా, నీకోసం ఒక గేటు అట్టేపెట్టాను. పెద్ద బట్టల దుకాణం. తలుపు తీసినప్పుడల్లా ఏసీ గాలి ఉచితం. శుక్రవారంలోగా వచ్చి సంతకం పెట్టు."

"అక్కడ జనరేటరుందా?"

"ఉంటే నీకెందుకు బావా? వచ్చినవాళ్లకి సెల్యూట్ కొట్టడమే పని. నీకు కొత్తేం కాదుగా!"

"నోర్ముయ్‌రా," అంది వాడి అక్క, అంటే మౌనం భార్య, వంటగదిలోంచి. "నన్నిచ్చింది మెకానిక్కుకి. గేటుకి కాదు."

తమ్ముడు వెళ్లాక ఆమె వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఏవండీ, ఎన్ని ఊళ్లు తిప్పారు నన్ను! వెళ్లిన ప్రతిచోటా ఎవరో ఒకరి మిషను బాగుచేసి నిలబెట్టారు. వాళ్లలో ఒక్కరికైనా ఫోన్ చేసి పనుందేమో అడగరేం?"

"అడుక్కోమంటావా?"

"అడగమంటున్నాను. పక్కింటావిడ వచ్చి పంచదార అడిగితే అడుక్కుంటోందని అనుకుంటున్నామా?"

ఆ మాట ఆయనకు గుచ్చుకుంది. గేటు దగ్గర నిలబడటం తప్పు పని కాదు. కానీ మిషను చప్పుడు వినబడని చోట ఈ మనిషి బతకలేడు. అది ఆయనకూ తెలుసు, ఆమెకూ తెలుసు.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళ వర్క్‌షాపు ఫోన్ ముందు నిలబడ్డాడు. నంబర్లన్నీ నోటికే వచ్చు. మొదటిది తిప్పాడు. "ఆయనెప్పుడో బదిలీ అయ్యారండీ." రెండోది తిప్పాడు. "ఆయనెవరు?" మూడోచోట అసలు పేరు కూడా చెప్పనివ్వకుండా పెట్టేశారు.

అప్పుడు తెలిసొచ్చింది. సైన్యంలో ఫోన్ మనిషిది కాదు, కుర్చీది. మనిషి మూట సర్దుకుని పోతే నంబరు కుర్చీతోనే ఉండిపోతుంది. పైవాళ్లను సొంత నంబరు అడగడం మర్యాద కాదని ఈయన ఏనాడూ అడగలేదు.

సాయంత్రం విన్న భార్య పడీపడీ నవ్వింది. "అంటే ఇన్నేళ్లూ కుర్చీలతో స్నేహం చేశారన్నమాట!" నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, "సరే, ఇప్పుడు ఆ కుర్చీల్లో ఉన్నవాళ్లు కూడా మనుషులేగా. వాళ్లతోనే మాట్లాడండి," అంది.

మర్నాడు మళ్లీ ఫోన్ ఎత్తాడు. అవతల ఒక డిపో. అక్కడ ఒకప్పుడు తన పై అధికారిగా ఉన్న సారుని అడిగాడు. స్టోర్సు చూసే అధికారిణి పలికింది, గొంతులో చిరాకు.

"ఆయన లేరు. ఇప్పుడు నేనున్నాను. ఏం కావాలి?"

అలవాటుగా 'ఏం లేదు మేడమ్' అనబోయి నాలుక కరుచుకున్నాడు. ఫోన్లో వెనకాల ఒక జనరేటరు ఆయాసపడుతోంది. కాసేపు పుంజుకుంటుంది, కాసేపు కూలబడుతుంది.

"మేడమ్, మీ గది కిటికీ పూర్తిగా తెరుస్తారా?"

"దేనికి?"

"మీ మిషను గాలి మింగుతోంది. ఫిల్టరుకి వచ్చే డీజిల్ గొట్టం జాయింటు వదులైనట్టుంది. మిషను ఆపి, బిగించి, లోపలి గాలి తీసేయమనండి. నేను లైన్లోనే ఉంటాను."

ఆమె ఎవరినో కేకేసింది. కాసేపటికి చప్పుడు తిన్నగా, ఒకే ఊపులో వినబడసాగింది.

"వారం నుంచి ప్రాణం తీస్తోందండీ ఇది! ఎవరు మీరు?"

మౌనం తన పేరు చెప్పాడు. త్వరలో బయటికొస్తున్నానని, ఈ పని తప్ప ఇంకోటి చేయాలని లేదని చెప్పాడు. జన్మలో పైవాళ్లతో అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడింది లేదు. ఆఖరున, "పాత సారు సొంత నంబరుంటే ఇప్పిస్తారా మేడమ్? మీది కూడా," అన్నాడు. అని కళ్లు మూసుకున్నాడు, తిట్లు పడతాయని.

ఆమె నవ్వి రెండూ చెప్పింది.

పాత సారు మొదటి రింగుకే ఎత్తాడు. "మౌనమా! ఎక్కడున్నావయ్యా? నీకోసం రెండుసార్లు మీ పాత వర్క్‌షాపుకి ఫోన్ చేశాను. ఎవడో కొత్తవాడు ఎత్తి, నువ్వెవరో తెలీదన్నాడు!" ఆయనిప్పుడు పెద్ద ఆసుపత్రిలో మిషన్లు చూస్తున్నాడు. "మనిషి అవసరమే. కానీ తీసుకునేది మేనేజరమ్మ. సోమవారం వచ్చి నువ్వే చెప్పుకోవాలి. నేను చెబితే చాలదు."

మధ్యలో శుక్రవారం వచ్చింది. బావమరిది ఫోన్ చేశాడు. "బావా, సంతకం?"

"ఆ గేటు ఇంకెవరికైనా ఇచ్చెయ్యి."

"అక్కడ పని ఖాయమైందా?"

"లేదు."

"పిచ్చా నీకు?"

"రెండు పడవల మీద కాళ్లు పెడితే సోమవారం నా నోరు పెగలదురా," అని పెట్టేశాడు. భార్య ఆయన మంచి చొక్కా తీసి ఇస్త్రీ చేసింది.

సోమవారం మేనేజరమ్మ మిషను గదికి తీసుకెళ్లింది. పాత సారు వెనకాలే ఉన్నాడు.

"ప్రతి వారం నడిపి చూస్తాం. ఏ లోటూ లేదు," అందామె.

మౌనం బిర్రబిగుసుకుని నిలబడ్డాడు. అడిగితేనే పలకాలని ఒళ్లంతా చెబుతోంది. అయినా నోరు తెరిచాడు. "ఆసుపత్రి కరెంటు లోడు పెట్టి నడుపుతారా అమ్మా, ఖాళీగానా?"

పాత సారు దగ్గాడు. "ఖాళీగానే."

"ఖాళీగా నడిచే మిషను కవాతు చేసే జవానులాంటిదమ్మా. చూడ్డానికి బాగుంటాడు. యుద్ధానికి ఆగుతాడో లేదో అక్కడ తెలీదు. ఇవాళ నిజంగా లోడు పెట్టి చూద్దాం. ఆపరేషన్లు లేని వేళ చూసుకుని."

ఆమె ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. మధ్యాహ్నం లోడు పెట్టారు. మిషను గట్టిగా గుక్క తిప్పుకుని, నల్లపొగ కక్కి, సగం లోడుకే ఆగిపోయింది. మేనేజరమ్మ మొహం పాలిపోయింది. మౌనం చొక్కా చేతులు మడిచాడు. పొద్దుగూకేలోపు మిషను పూర్తి లోడు మోసింది.

"ఎప్పుడు చేరతారు?"

"సైన్యం వదిలిన మర్నాడే. ఇంకో మాటమ్మా. ఈ గదికి ఒక్కడు చాలడు. మా వర్క్‌షాపులో వెల్డరొకడు నా వెనకాలే బయటికొస్తున్నాడు. చేతిలో పనితనముంది గానీ తన గురించి చెప్పుకోలేడు. నేను చెబుతాను, వింటారా?"

"చెప్పండి," అందామె.

మౌనం మొదలుపెట్టాడు.

ఇట్లు,
కుట్టుమిషను అవ్వ (అందరూ అలాగే పిలుస్తారు), డెబ్బై ఒకటో ఏడు, ప్రస్తుతం చిన్నకూతురి ఇంట్లో, బస్సు డిపో వెనక వీధి, మేడమీద గది.