ఆగండి సారు

మూత బిగించిన ప్లాస్టిక్ సీసాలో కీ ఇస్తే గెంతే కప్పబొమ్మ ఉంది. సీసాకి ఇటు పక్క, నొప్పెడుతున్న మోకాళ్లను ఎలాగో మడుచుకుని చాప మీద కూర్చుని ఉన్నాడు పరిశోధకుడు. అటు పక్క అయిదేళ్ల పాప. సీసాకేసి చూస్తోంది, ఆయనకేసి చూడటం లేదు. ఎంతసేపు పట్టినా తనంతట తాను ఒక్క మాట అడగాలి. ఆయన చేసే పరిశోధనంతా ఆ ఎదురుచూపులోనే ఉంది.

"కప్ప కావాలని చెప్పవే తల్లీ. అదే అంటోంది సారూ, కప్ప కావాలంట," అంటూ గోడవార కుర్చీలోంచి అమ్మమ్మ లేచి వచ్చి మూత తీసేసింది.

ఆయనకు ఒళ్లు మండిపోయింది. "ఆగండి" అనేసరికే కప్ప చాప మీద గెంతుతోంది. పొద్దున్నుంచి ఆ మాట ఎన్నిసార్లన్నాడో. పిల్లల్ని తీసుకొచ్చే తల్లులు, తాతలు, మేనత్తలు అందరూ చాటుగా ఆయన్ని ఆగండి సారనే పిలుస్తారు. పిల్లలతో ఆయనకు ఏ పేచీ లేదు, పేచీ అంతా పెద్దవాళ్లతోనే. బస్సు కోసం గంట నిలబడతారు గానీ, సొంత బిడ్డ నోట్లో మాట కోసం గుక్క తిప్పుకునేంతసేపు ఆగలేరు మహానుభావులు.

ఆటిజం మీద పనిచేసేవాళ్లు నత్తి ఉన్న పిల్లల్ని పక్కన పెడతారు. నత్తి మీద పనిచేసేవాళ్లు ఆటిజం ఉన్నవాళ్లని వద్దంటారు. ఫలితాలు కలగాపులగం అయిపోతాయట. రెండూ ఉన్న పిల్లలు ఎవరికీ అక్కర్లేక మిగిలిపోతే ఆయన చేరదీశాడు. పేరొచ్చే పని కాదది. ఆయన తర్వాత ఉద్యోగంలో చేరినవాళ్లు ఏసీ గదులకు ఎక్కారు, ఆయన చాప మీదే ఉండిపోయాడు.

ఆయనకూ నత్తే. పిల్లల దగ్గర రాదు. పెద్దవాళ్ల ముందు, అందులోనూ కోపమొస్తే, అరిగిపోయిన ఆ "ఆగండి" తప్ప మరో మాటకి నాలుక మొండికేస్తుంది. చిన్నప్పుడు పంతులుగారు ఆయన జవాబును తనే పూర్తిచేసేవాడు, అది తప్పయితే దెబ్బలు మాత్రం ఈయనకు. ఇప్పటికీ క్యాంటీన్లో నచ్చింది కాదు, నోరు తిరిగింది తెప్పించుకుంటాడు. టీ అంటే ప్రాణం, ముప్ఫై ఏళ్లుగా కాఫీ తాగుతున్నాడు. ఇంట్లో భార్య "మీరు కష్టపడకండి, నాకర్థమైంది" అంటుంది. సగంసార్లు ఆమెకు అర్థం కాదు. మంచి మనిషి, కోప్పడటానికీ వీల్లేదు.

మధ్యాహ్నం దాకా ఇదే వరస. ఆఖరికి అమ్మమ్మ సంచి భుజాన వేసుకుంది.

"మీరు మంచివాళ్లే సారూ. కానీ చూస్తున్నాగా, నేల మీద కూర్చోవడం తప్ప మీరు చేస్తున్నదేముంది? మా పక్కింటావిడ ఇంకో చోటు చెప్పింది. అక్కడ గంటంతా మాట్లాడిస్తారట. వచ్చేవారం నుంచి అక్కడికే వెళ్దామనుకుంటున్నాం. మీరేమంటారు?"

పోయినవారం అమ్మమ్మ ఫోనొచ్చి వరండాలోకి వెళ్లినప్పుడు, పాప మొదటిసారి తనంతట తాను "ఇ... ఇ... ఇవ్వు" అంది. ఇప్పుడు తీసుకుపోతే ఆ నోరు మళ్లీ మూసుకుంటుంది. పాప మాట్లాడిన సంగతి ఆవిడకు ఇంకా చెప్పనేలేదు, ఇప్పుడే చెప్పాలి.

"పా... పా..." మెడ నరాలు ఉబ్బాయి, కళ్లు మూసుకుపోయాయి.

తెరిచేసరికి పాప పక్కన నిలబడి ఉంది. ఆయన చొక్కా చేతిని రెండు వేళ్లతో పట్టుకుని కిటికీకేసి చూస్తోంది. లాగలేదు, కదల్లేదు. ఆయన మాట కోసం ఆగింది. పుట్టి బుద్ధెరిగాక ఆయన కోసం అలా ఆగిన మనిషి ఇంకొకరు లేరు. నాలుక దారికొచ్చింది. మాట వచ్చేస్తోంది.

"పాపని వేరేచోట చూపించుకోమంటారు, అంతేగా," అంది అమ్మమ్మ, ఆయన అవస్థ చూడలేక. "మీరు అడ్డుచెప్పరని నాకు తెలుసు సారూ. పెద్దమనసు మీది."

పాప కాళ్లను గబగబా బూట్లలోకి దూర్చి, రెక్క పట్టుకుని గుమ్మానికి ఎదురుగా ఉన్న లిఫ్టు ఎక్కించింది. ఆయన మోకాళ్లు కూడదీసుకుని గుమ్మం దాకా వచ్చేసరికి తలుపులు మూసుకున్నాయి.

"పాపని తీసుకెళ్లకండమ్మా. అది మాట్లాడుతోంది," అన్నాడు మూసిన తలుపులతో. ఎక్కడా తడబడకుండా, అక్షరం పొల్లుపోకుండా వచ్చింది. ఆయనకు ఏడుపొచ్చింది, ఏడుపు కన్నా ముందు తన మీద తనకే చిర్రెత్తుకొచ్చింది.

గదిలోకి తిరిగొచ్చాడు. చాప అంచున పాప మేజోడు ఒకటి ఉండిపోయింది, మడమ దగ్గర కాస్త మాసి, ఇంకా చిన్నకాలి ఆకారంలోనే ఉబ్బి.